మొహం పైకి పెట్టి మడవాలి

మా మేనత్త పోయిందన్న కబురు మిరప కల్లంలో ఉండగా వచ్చింది. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు ఆ ఘాటు చేతులతో కళ్ళు తుడుచుకోలేక, మోచేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. వినవలసిన ఒక్క మాట వినకుండానే పోయింది.

ఆ మాట చెప్పవలసినవాడు మా ఊరి విత్తనాల కొట్టు యజమాని. మామయ్య పోయాక అత్త ఒంటిచేత్తో సేద్యం చేసేది. ఒక ఏడు ఆయన అమ్మిన మిరప విత్తనం వేస్తే చేను ఏపుగా పెరిగింది, కాయ మాత్రం పడలేదు. అత్త ఒక మొక్కను వేళ్ళతో పెరికి కొట్టుకు పట్టుకెళ్ళింది. నేనూ పక్కనే ఉన్నాను.

"విత్తనానికేం తెగులమ్మా? ఆడవాళ్ళు సేద్యం చేస్తే ఇట్టాగే ఉంటది" అన్నాడు పదిమందిలో.

"నువ్వు నాకేం ఇవ్వొద్దయ్యా. తప్పు విత్తనానిదే, నీది కాదమ్మా అని ఇక్కడే ఒక్క మాట అను, చాలు" అంది అత్త.

ఆయన నవ్వి ఇంకో బేరం చూసుకున్నాడు. గల్లా పక్కన ఆయన ప్రచార కాగితాల కట్ట ఉంది. నున్నటి కాగితం, నట్టనడుమ చేతులు జోడించి నవ్వుతున్న ఆయన బొమ్మ. ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. అత్త కట్టంతా చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఆ కాగితాలతోనే నాకు దొప్ప మడవడం నేర్పింది. చేతకానివాళ్ళకు కూడా వచ్చే పని. రెండు అంచులనూ తలుపు రెక్కల్లా నడిమికి మడవాలి. నాలుగు మూలలూ లోపలికి తిప్పాలి. నడుమ మిగిలిన సన్నటి అంచులను ఆ మూలల మీదికి మడిచి, రెండు వైపులా పట్టుకుని లాగితే దొప్ప విచ్చుకుంటుంది. మొదటిసారి నేను బొమ్మను కిందికి పెట్టి మడిచాను. ఆయన దొప్ప బయటికి వచ్చి అందరికీ దణ్ణాలు పెట్టాడు.

"ఏమే, వాణ్ణి ఊరేగిస్తన్నావా? మొహం పైకి పెట్టి మొదలెట్టు. అడుగున పడతాడు" అంది అత్త. "గోటితో గియ్యి. మెత్తగా మడిస్తే కాగితం మడత మర్చిపోద్ది."

అత్త దేన్నీ మెత్తగా మడిచిన మనిషి కాదు. అప్పటినుంచి కల్లంలో అన్నాల వేళ ప్రతి గిన్నె పక్కనా ఒక దొప్ప ఉండేది. చేప ముళ్ళూ చింతగింజలూ అన్నీ ఆయన మొహం మీదే. "కాస్త జరగండి బాబూ, తలకాయ ముల్లొస్తంది" అని ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు. పోయిన పంట గుర్తొచ్చి అత్త ఏనాడూ కూలబడకపోవడానికి ఆ నవ్వే కారణమని నా నమ్మకం. పోనీలే, క్షమించెయ్యమని ఎవరైనా అంటే, "అడిగితే కదా క్షమించేది" అనేది. ఆ మాట నాకిచ్చిపోయింది. దానికి నేను రుణపడి ఉంటాను.

పెద్దకర్మకు ఆయన వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున కల్లం ఆడవాళ్ళూ నేనూ అటక మీద మిగిలిన కట్ట దించి దొప్పలు మడవడానికి కూర్చున్నాం. ఒక్క మడత కూడా వంకర పోలేదు.

తెల్లచొక్కాతో వచ్చి, అత్త ఫొటోకు దండ వేసి, "మంచి రైతమ్మ. చేను ఎంత బాగా చేసేది!" అన్నాడు. బతికుండగా అనలేని నోరు దండ వేయగానే లేచింది. నేను ఎంతో మర్యాదగా తీసుకెళ్ళి మొదటి బంతిలో కూర్చోబెట్టాను. సాంబారులో మునక్కాయలు ఏరి ఏరి ఆయన విస్తట్లో వేశాను.

ఒక ముక్క నమిలి పిప్పి వేయడానికి దొప్ప దగ్గరికి లాక్కున్నాడు. లోపలికి చూశాడు. అటూ ఇటూ ఉన్న దొప్పల్లోకీ చూశాడు. బంతంతా చేతులాపింది.

"వెయ్యండి, మా అత్త నేర్పిన దొప్పే" అన్నాను.

ఆయన వేయలేదు. మింగలేదు. బుగ్గ ఉబ్బి, చూపు కిందికి దిగి, అలాగే కూర్చున్నాడు. దొప్ప అడుగున మాత్రం చేతులు జోడించి నవ్వుతున్నాడు.