అద్దాలక్కకు దక్కిన ఎర్ర పట్టీ

విమానాశ్రయంలో అందరూ ఆవిణ్ణి అద్దాలక్క అంటారు. కొత్త టెర్మినల్‌కు మారాక, ప్రవేశద్వారం పక్కనున్న నిలువెత్తు అద్దాలు తుడిచే పని ఆవిడకు అప్పగించారు. తుడిచాక రెండడుగులు వెనక్కి వేసి, తల వాల్చి, ఒంటికన్నుతో చూస్తుంది. వేలిముద్ర కనబడితే, "ఎవరి చెయ్యో ఊరుకోదు కదా!" అని గొణుగుతూ మళ్లీ మొదలుపెడుతుంది. విదేశాలకు తొలి విమానం బయలుదేరిన రోజు, సూటు వేసుకున్న ప్రయాణికుడొకాయన అద్దమున్నచోటే దారనుకుని విసురుగా వచ్చి, దానికి నుదురు కొట్టుకున్నాడు. "అద్దం ఉందో లేదో తెలియకుండా తుడిస్తే ఎలాగక్కా?" అంటూ సూపర్‌వైజర్ తల పట్టుకుని, ఆ అద్దానికి అడ్డంగా ఎర్ర పట్టీ అంటించాడు. అద్దాలక్క తల దించుకుంది, నవ్వు దాచుకోవడానికి. సెలవు రోజున ఆడపడుచును వెంటబెట్టుకొచ్చి, బయట నిలబెట్టి ఆ పట్టీ చూపించింది.

"ఇందులో ఏముంది వదినా?"

"ఈ విమానాశ్రయంలో ఇన్ని అద్దాలున్నాయా? 'ఇక్కడ అద్దముంది బాబూ' అని జనానికి చెప్పాల్సొచ్చింది నేను తుడిచినదాని గురించే!"