ఫ్రీజర్‌లో ఈగల పెట్టె

ఇవాళ పొద్దున పెరట్లో పూతకొచ్చిన కొత్తిమీర మీద ఓ ఈగ వాలింది. ఒంటి మీద పసుపు చారలు, అచ్చం తేనెటీగలాగే ఉంది. మా ఆవిడ చేతిలో తువ్వాలు ఉంది. ఈగ కనబడితే ఊరుకునే మనిషి కాదు. దీన్ని మాత్రం తేరిపార చూసి, "మన పిల్ల ఈగ కదండీ ఇది" అని తువ్వాలు భుజాన వేసుకుంది.

మన పిల్ల అంటే మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న కాకినాడ అమ్మాయి. కెనడాలోని మా కిచెనర్ ఊరికి విద్యార్థులు వెల్లువలా వచ్చిపడ్డ ఏళ్లవి. మా వీధిలో ఖాళీ బేస్‌మెంట్ ఉండేది కాదు. అందరూ కంప్యూటర్లు చదువుతుంటే, ఈ పిల్ల ఆఫ్రికా అడవుల్లో పుప్పొడి మోసే ఈగల మీద పీహెచ్‌డీ చేసేది. ఎన్ని రకాలున్నాయో, వాటిని ఎలా కాపాడుకోవాలో తేల్చడం ఆమె పని. "ఈగల కోసం ఇంత దూరం రావాలా, మీ ఊరి చేపల బజారు చాలదూ?" అని మా ఆవిడ ఆటపట్టించేది. ఓ ఏడాది క్రిస్మస్‌కి కొద్ది రోజుల ముందు, ఉదయాన్నే ఆ పిల్ల అద్దం మూత పెట్టె ఒకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సెలవుల్లో చూసుకుందామని ల్యాబ్ నుంచి తెచ్చుకున్న పెట్టె అది. లోపల సూదులకు గుచ్చిన ఈగలు, ఓ మూల సన్నటి పొడి. ఎండిన ఈగల్ని తినే పురుగు దూరింది. ఫ్రీజర్‌లో వారం ఉంచితేనే చస్తుందట. ల్యాబ్‌కేమో తాళం.

"గరాజ్‌లో పెడితే సరి" అన్నాను.

"ఆ చలి చాలదండి అంకుల్. ఈ ఈగల్ని పట్టిన అడవి కొట్టేశారండి. ఇవి పోతే ఇంకెక్కడా దొరకవు" అని ఏడ్చేసింది.

మా ఫ్రీజర్ నిండా చర్చి వాళ్లకి పండగ బిర్యానీ కోసం కొన్న మటన్. ఆ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ పెట్టుకోవాలన్నా నేను అనుమతి అడగాలి. మా ఆవిడ పెట్టె వైపు ఓసారి చూసి, మటన్ పొట్లాలన్నీ బయటికి తీసేసింది. "పండగ ఇవాళే చేసేద్దాం. వీధిలో అద్దెకున్న పిల్లలందరికీ మెసేజ్ పెట్టండి" అంది. ఇల్లు పట్టనంత మంది వచ్చి, మెట్ల మీద కూర్చుని మరీ తిన్నారు. క్రిస్మస్ నాడు చర్చి వాళ్లకి పప్పుచారు వడ్డిస్తూ ఆవిడ ఏమాత్రం మొహమాటపడలేదు.

పండగ వెళ్లాక పెట్టె తీశాం. పురుగులు చచ్చిపడి ఉన్నాయి. ఒక ఈగకి రెక్క పోయింది, మిగతావన్నీ భద్రం. ఆ పిల్ల మా ఆవిణ్ణి పట్టుకుని నవ్వుతుంటే, నా గుండెల మీంచి బండ దించినట్టయింది.

ఆ పిల్ల పట్టా పుచ్చుకుని వెళ్లి చాలా కాలమైంది. మా ఫ్రీజర్‌లో ఆ పెట్టె పెట్టిన పై అరని మా ఆవిడ ఇంకా ఖాళీగానే ఉంచుతోంది. ఏళ్లు వాటి దారిన అవి పోయాయి గాని, ఆ ఒక్క వారం మాత్రం మా ఇంట్లో చోటు అట్టేపెట్టుకుని ఉండిపోయింది.