అమ్మమ్మనాటి తోడు

ఫిన్లండ్‌లోని కువోపియో ఊళ్ళో టెల్లెర్వోగారి కడుపులో కోటానుకోట్ల అతిథులున్నారు, అన్నీ మేలు చేసే సూక్ష్మజీవులే. వాళ్ళ మర్యాదలకే ఆవిడకు పొద్దు చాలదు. తెల్లారగానే రై ధాన్యపు రొట్టె, ఊరవేసిన క్యాబేజీ, తీగలా సాగే పుల్లపెరుగు. ముద్ద ముద్దకీ పొట్ట నిమురుకుంటూ "తినండి నాన్నా" అంటుంది. ఎదురుగా కూర్చున్న మొగుడు ఉర్హోని మాత్రం తినమనేవాళ్ళు లేరు. మాంసం కూరిన సాసేజి ఊసెత్తితే, "నీ కడుపులోవాళ్ళు ఏమైపోవాలి?" అని కసురుతుంది. ఆ పెరుగు అమ్మమ్మనాటి తోడుతో వస్తున్నది. ఎదురింటి ఇర్యా ఒక్క చెంచా తోడు అడిగితే, "సాసేజీలు వేయించే ఇంట్లో మావాళ్ళు బతకరమ్మా" అని తలుపేసుకుంది.

మొన్న ఆదివారం చుట్టాలకు పేగుల ఆరోగ్యం గురించి ఉపన్యాసమిస్తూ, ఆ ఊపులో తోడుకు దాచాల్సిన ఆఖరి చెంచా కూడా తనే చప్పరించేసింది. గిన్నె అడుగు కనపడ్డాక గాని నోట మాట ఆగలేదు. మూడు తరాల వంశం అలా గుటుక్కుమంది. రెండు రోజులు ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. లోపలి అతిథులూ పస్తే.

"ఇర్యాని అడిగి చూడరాదూ," అన్నాడు ఉర్హో, నేలచూపులు చూస్తూ.

సిగ్గు చంపుకుని వెళ్తే, ఇర్యా నిండు గిన్నె తీసింది. చెంచా ఎత్తితే అదే సాగుడు, అదే తీగ.

"ఎక్కడిదే ఇది?"

"మీదే అక్కా. ఐదేళ్ళ కిందట బావగారు తెచ్చిచ్చారు." ఇర్యా పొయ్యి మీద సాసేజీలు తిరగేసింది. "ఊరికే తీసుకోలేదులే. ఇవిగో, ఇవాళ్టివి కూడా ఆయన కోసమే."