నల్లకోటు మనిషికి నా గొంతు

నాచారంలో ఫ్యాక్టరీల మధ్య ఒక డబ్బింగ్ థియేటర్ ఉండేది. బయటినుంచి చూస్తే గోదాములా కనిపించేది. పక్క కంపెనీ వదిలే కెమికల్ వాసన లోపలికి రాకుండా తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేవారు. అయినా వచ్చేది. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలు మారి అక్కడికి వెళ్లేదాన్ని. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజూ ఎక్కడో ఒకచోట బందో, రాస్తారోకోనో జరుగుతున్న కాలం అది. సంతలో అరిచే మనిషి, దవాఖానాలో నర్సు, పక్కింటి ఆమె, ఇలాంటి చిల్లర గొంతులు నావి.

అప్పుడే ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చింది. పిల్లలు చూడకూడదని ప్రతి భాగానికి ముందూ తెరమీద వేసేవారు. ఎప్పుడూ వాన పడుతుండే ఒక నగరం. అందులో ఉద్యోగం ఊడిన ఒక ఆడ పోలీసు. గోడల్లోంచి నడిచిపోయే శక్తి ఆమెకు ఎలాగో వచ్చింది. నల్లకోటు వేసుకుని, తాగుతూ, తిడుతూ, కోర్టు వదిలేసిన వాళ్ల గదుల్లోకి గోడ చీల్చుకుని వచ్చేది. మామూలు సూపర్‌హీరోల్లా ఎగరదు, నవ్వదు, ఎవరినీ కాపాడదు. ఆమె వచ్చేసరికి కాపాడాల్సిన వాళ్లు చచ్చిపోయి ఉండేవారు. మిగిలింది పగ తీర్చుకోవడమే.

ఆ పాత్రకు గొంతు ఇవ్వాల్సిన ఆర్టిస్టు రెండు పేజీలు చదివి, ఈ తిట్లు నా నోట రావని వెళ్లిపోయింది. డబ్బింగ్ ఇన్‌చార్జి మా అందరినీ ఒకసారి చూసి నన్ను పిలిచాడు.

"నువ్వు రామ్మా. మీ వైపు వాళ్లకి తిట్లు అలవాటేగా," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అలాగని వెనక్కీ తగ్గలేదు. ఆ పాత్ర నాకు కావాలి. అంతకు ముందు తెరమీద ఏ ఆడమనిషీ అంత కోపంగా ఉండటం నేను చూడలేదు.

మొదటి రోజు నుంచే అతను నా నోటికి కాపలా కూర్చున్నాడు. ఊపిరి పీల్చినా ఆపించేవాడు. "ఏంది కాదు, ఏమిటి. ఆవిడ హీరోయిన్, ఇంట్లో అంట్లు తోమే మనిషి కాదు." నేను పుస్తకాల తెలుగులో చంపేదాన్ని, పుస్తకాల తెలుగులో తిట్టేదాన్ని. మూడో భాగానికి ఒక సంగతి అర్థమైంది. ఆమె చేతిలో చచ్చేవాళ్లంతా మా అమ్మలాగా మాట్లాడుతున్నారు. ఆడపిల్లల్ని అమ్మేవాడు, పెళ్లాన్ని కొట్టే తాగుబోతు, శవాల జేబులు వెతికేవాడు, అందరిదీ గిట్ల, గట్ల. జడ్జీ, డాక్టరూ, హీరోయినూ మాత్రం వేరే తెలుగు.

"సార్, ఇంగ్లీషులో అందరూ ఒక్కతీరే మాట్లాడుతున్నరు గద. మనదాంట్ల దొంగలే ఎందుకు గిట్ల మాట్లాడాలె?" అని అడిగాను.

"దాన్ని నేటివిటీ అంటారు. నీకు తెలీదులే," అన్నాడు కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

ఇంట్లో ఇంకో యుద్ధం. మా అన్న నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద చేసేవాడు. సీరియల్ మొదలైన కొన్నాళ్లకు పని నుంచి వచ్చి టిఫిన్ డబ్బా నేలకేసి కొట్టాడు.

"మా షిఫ్టు పోరగాళ్లు ఏమంటున్నరో ఎరుకేనా? నీ చెల్లె టీవీల మస్తు తిడ్తదట గద, మాకు గూడ జర నేర్పుమను అంటున్నరు. రేపటి సంది పోయినవంటే కాళ్లు ఇరుగుతయ్!"

"వాళ్లను అనే దమ్ము లేక నన్ను అంటున్నవా?" అన్నాను.

చెయ్యి ఎత్తాడు. అమ్మ మధ్యలోకి వచ్చింది. ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేను పొద్దున్నే లేచి పనికి పోతూనే ఉన్నాను.

ఆరో భాగంలో కూతురు చచ్చిపోయిన ఒక తల్లి ఏడ్చే సీను ఉంది. దానికి లాలాపేట్ నుంచి వచ్చే పెద్దావిడ గొంతు. ముసలమ్మల పాత్రలు ఎప్పుడూ ఆమెవే. అందరినీ బిడ్డా అని పిలిచేది. తెరమీద తల్లి పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుంది. మైకు ముందు ఈవిడ, "ఓ నా బిడ్డా, నన్నిడిసిపెట్టి యాడికి పోయినవే," అని గొంతెత్తింది. కాగితం మీద ఉన్న మాటలు కావవి. సౌండ్ చూసే అతను మీట మీద వేలు కూడా కదపలేదు.

"ఏడుపు బాగుంది. భాష మార్చు. నవ్వుతారు జనం," అన్నాడు ఇన్‌చార్జి.

ఆమె మళ్లీ ఏడ్చింది. నోరు తిరగలేదు. మళ్లీ చేయించాడు. మళ్లీ. గొంతు బొంగురుపోయి దగ్గు వచ్చింది. నీళ్లు తాగి వస్తానంటే, "ముందు ఆ ఒక్క ముక్కా సరిగ్గా చెప్పి తాగు," అన్నాడు.

తర్వాతి డైలాగు నాది. ఆ తల్లి పక్కన నల్లకోటు మనిషి కూర్చుని, 'బాధపడకండి, వారిని నేను వదిలిపెట్టను' అనాలి. నేను మైకు దగ్గరికి వెళ్లి, "ఏడ్వకు అవ్వా. ఆ కొడుకులను ఒక్కన్ని గూడ ఇడిసిపెట్ట," అన్నాను. పెదాలకు సరిగ్గా సరిపోయింది.

"ఏంటిది? ఇది సూపర్‌హీరో సీరియల్, కూరగాయల బండి కాదు!"

"మా అసొంటోళ్లు సచ్చేటందుకే పనికొస్తరా సార్? సంపేటందుకు పనికిరారా?"

"బయటికి పో," అన్నాడు. "ఇంకెక్కడా మైకు ముట్టుకోనివ్వను."

ఇయర్‌ఫోన్లు తీసి అతని కాగితాల మీద విసిరేసి బయటికి వచ్చాను. సాయంత్రం దాకా రోడ్డు మీద నిలబడ్డాను, పెద్దావిడ కోసం. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు. ఆమె వచ్చి నన్ను చూసి ఆగింది.

"నిన్నెవలు అడిగిన్రు?" అంది. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది. "ఇంకో రెండుసార్లు అనిపిచ్చుకుంటే అయిపోయేది. ఇప్పుడు నన్ను గూడ రావద్దన్నడు. ఇద్దరం కలిసి చేసినమట."

"పెద్దమ్మా, గంత మాటంటుంటే సూసుకుంట ఊకోవాల్నా?"

"నీకు అన్న ఉన్నడు, తిండి పెడ్తడు. నాకు ఎవలున్నరు?" అంటూ ఆటో ఎక్కింది. పక్కన చోటున్నా నన్ను ఎక్కమనలేదు.

ఆ సీను నుంచే నల్లకోటు మనిషికి వేరే గొంతు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆరో భాగం మళ్లీ వేస్తుంటే ఒకసారి చూశాను. తల్లి సీను ఉంది. మాటలు ఎవరో శుభ్రంగా చెప్పారు. ఏడుపు మాత్రం పెద్దావిడదే ఉంచుకున్నారు. అతుకు నాకు స్పష్టంగా వినిపించింది. టీవీ కట్టేశాను.

నేను పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనిలో చేరాను. అన్నకు నచ్చింది. నాకు నచ్చలేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో రంగులు చల్లుకున్నారు, నేనూ చల్లాను. కొన్నాళ్లకు లాలాపేట్ మార్కెట్లో పెద్దావిడ ఎదురైంది. కొన్ని నెలలు ఇళ్లల్లో పనిచేసి మళ్లీ ఆ థియేటర్‌కే పోతోందట.

"ఆ సారే పిలిచిండు. ఇప్పుడు మన భాషనే మాట్లాడుమంటున్నడు," అంది.

"ఏం పాత్ర?"

"పిల్లలను ఎత్కపోయే ముసల్ది."

"పోతున్నవా మరి?"

"పోకపోతే నువ్వు పెడ్తవా?" అని మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. అతని మీద వచ్చింది, మొదటి రోజు కంటే ఎక్కువ. అది ఇప్పటికీ తగ్గలేదు.