కొండగట్టులో వదిలిన థర్మామీటరు

బయలుదేరే నాటికి నా సంచిలో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి ఆదిలాబాదు సర్కారు దవాఖాన నుంచి వచ్చింది. ఆపరేషన్ గదిలో నర్సు పని ఖాళీగా ఉందనీ, వచ్చి చూసుకొని ఒప్పుకోవచ్చనీ రాశారు. రెండోది హైదరాబాదులోని మానసిక వైద్యశాల నుంచి. మనసు జబ్బుల వాళ్ళను చూసుకునే నర్సులకు ఏడాది శిక్షణ ఇస్తారట. వచ్చేదీ రానిదీ శనివారం లోపల టెలిగ్రాం ఇవ్వాలి. కరీంనగర్ మిషన్ ఆసుపత్రిలో నేను నర్సు చదువు ముగించగానే మా మేట్రనమ్మ ఈ రెండు చోట్లకూ నా గురించి రాసింది. "ఏదో ఒకటి పట్టుకో. రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోకు" అంది.

మనసులో నేను ఆదిలాబాదే అనుకున్నాను. కారణం మా అన్న.

అన్న సామేలు బడిపంతులు. ఆఖరి మూడేళ్ళు ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరితోనో మాట్లాడేవాడు. పోయిన వానాకాలంలో "రొమ్ముల ఏదో కూసున్నది చెల్లె" అని నాలుగు రోజులు అన్నాడు. అలాంటివి రోజూ అనేవాడు కనుక ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. నర్సు చదువుతున్న నేను కూడా ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు. ఐదో రోజు చూస్తే ఊపిరితిత్తులు నీటితో నిండి ఉన్నాయి. ఆరో రోజు పోయాడు. అప్పటి నుంచి నేను థర్మామీటరు లేకుండా గడప దాటలేదు. ఒళ్ళు అబద్ధం చెప్పదు, ఇక నా పని ఒంటితోనే అని నిశ్చయించుకున్నాను.

బుధవారం పొద్దున ఏడున్నరకు కరీంనగర్ బస్టాండులో జగిత్యాల బస్సెక్కాను. సంక్రాంతి దాటి పది రోజులైనా చలి తగ్గలేదు. అవ్వ, అంటే మా అమ్మ, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టి తెచ్చింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"యాడికన్న పో బిడ్డా, గా పిచ్చోళ్ల దవఖానకు మాత్రం పోకు. ఒక్కడు సాలలేదా మనకు?"

జవాబు చెప్పేలోపు బస్సు కదిలింది. మొదటి ఉద్యోగం చూసుకోవడానికి ఒంటరిగా ఇంత దూరం వెళ్ళడం నాకిదే మొదలు. దుఃఖంలో ఉన్నదాన్నని తెలుసు. అయినా గంగాధర దాటేసరికి తల కిటికీలోంచి బయట పెట్టి చూస్తున్నాను. చదువుదామని తెచ్చుకున్న అన్న పుస్తకం ఒళ్ళో మూసే ఉంది.

ఎదుటి సీటులో ఒక పెద్దావిడ, పక్కన ఇరవై ఏళ్ళ పిల్ల ఉన్నారు. పెద్దావిడ పేరు రాజవ్వ, ఆ పిల్ల ఆమె కోడలు లచ్చవ్వ. కొడుకు బొంబాయిలో మిల్లు పనిలో ఉన్నాడట. నా తెల్లచీర చూసి రాజవ్వే మాట కలిపింది.

"దవఖాన బిడ్డవా? జర మా పొల్లను సూడు. దీని సంటి పిల్ల పోయి మూడు నెలలాయె. గప్పటి సంది నోరిప్పలే. గాలి సోకిందన్నరు. కొండగట్టు అంజన్న గుడి కాడ నలభైయొక్క దినాలు ఉంచుదామని తీస్కపోతున్న."

నేను వెంటనే థర్మామీటరు తీశాను. లచ్చవ్వ కాదనలేదు. నాలుక కింద పెట్టించి, మణికట్టు పట్టుకొని నాడి చూశాను. కళ్ళు, గోళ్ళు, మెడ చూశాను. జ్వరం లేదు. నాడి సరిగా ఉంది.

"ఏం లేదవ్వా" అన్నాను సంతోషంగా.

"ఏం లేకుంటె మరి గిట్లెందుకున్నది?" అంది రాజవ్వ.

నేను థర్మామీటరు తుడిచి డబ్బీలో పెట్టాను. లచ్చవ్వ ఒక్కసారి నా వైపు చూసి మొహం కిటికీకి తిప్పుకుంది. ఆ చూపు నాకు తెలుసు. నాలుగో రోజు సాయంత్రం, నేను పక్క దులిపి వెళ్ళిపోతుంటే అన్న అలాగే చూశాడు.

తొమ్మిదికి కొండగట్టు దగ్గర బస్సు ఆగింది. వాళ్ళిద్దరూ దిగారు. రాజవ్వ నెత్తిన బియ్యం మూట, చంకలో గిన్నెల మూట. నేనూ దిగాను.

"సిస్టరమ్మా, నీ టికెట్ జగిత్యాల దాంక ఉన్నది!" అని కండక్టరు అరిచాడు.

"తెలుసు."

"కిరస్తానపోళ్లకు సుత అంజన్న మొక్కున్నదా ఏంది?" అని వెనక సీటులోంచి ఎవరో అంటే బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మా పాస్టరు గారు చూస్తే ఏమంటారో అనుకుంటూ గిన్నెల మూట అందుకున్నాను.

వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నాను. మూటలతో కొండెక్కడానికి మాకు గంటన్నర పట్టింది. తాగే నీళ్ళు కిందే నింపుకోవాలి. తినేవి కనిపించేలా పట్టుకుంటే కోతులు చేతిలోంచి లాక్కుంటాయి. పైన సత్రం వసారాలో చాప పరుచుకునేంత చోటు దొరికింది.

మనసు చెదిరిన వాళ్ళను అక్కడికి తెచ్చి మండలం రోజులు ఉంచడం ఈ ప్రాంతపు అలవాటు. నేను విన్నదే గానీ చూడలేదు. వసారా పొడుగునా, చెట్ల కింద కుటుంబాలున్నాయి. తెల్లవారకముందే కోనేటిలో స్నానం, గుడి చుట్టూ ప్రదక్షిణలు, తర్వాత మూడు రాళ్ళ పొయ్యి మీద వంట. ఇద్దరి చేతులకు తాళ్ళు కట్టి ఉన్నాయి. అది చూసి నాకు కోపం వచ్చింది. ఇంకొకటి కూడా రాయాలి. అక్కడ ఒక్క రోగి అయినా ఒంటరిగా లేడు. ప్రతి మనిషి పక్కనా తల్లో, తమ్ముడో, భార్యో ఉన్నారు. మా వార్డులో ఆరు గంటలు కొట్టగానే బంధువులను బయటికి పంపేది నేనే.

అయితే వాళ్ళు కూడా ఒక పని తప్పక చేస్తున్నారు. అటుగా వెళ్ళే ప్రతి ఒక్కరూ లచ్చవ్వ ముందు ఆగి, "ఒక్క మాట మాట్లాడు బిడ్డా", "అంజన్నా అను", "మీ అత్త మొకం సూసన్న మాట్లాడు" అంటున్నారు. పొద్దుగూకే లోపల పదిహేడు మందిని లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆమె మెడ ఇంకాస్త కిందికి దిగింది.

గురువారం పొద్దున రాజవ్వ కోనేటికి వెళ్ళింది. నేను జడ వేసుకుంటుంటే లచ్చవ్వ వచ్చి నా సంచి మీద చెయ్యి వేసింది. ఉత్తరాలు పక్కకు జరిపి, థర్మామీటరు డబ్బీ తీసింది.

"జ్వరం లేదు కదమ్మా" అన్నాను.

చెయ్యి చాపే ఉంచింది. పాదరసం కిందికి దిగేలా విదిలించి ఇచ్చాను. జాగ్రత్తగా నాలుక కింద పెట్టుకొని గోడకు ఆనుకుంది. రెండు నిమిషాలైంది. తీయబోయి ఆగాను. ఆమె మొహంలో అంతకు ముందు లేని నెమ్మది ఉంది. పక్కన కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి, నోట్లో గాజు పుల్ల చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు. ఒకామె తన పిల్లలను కూడా గదమాయించింది. పావుగంట తర్వాత లచ్చవ్వ తనే దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. నా వైపు చూడకుండా, గొంతు ఎండిపోయిన వాళ్ళలా మెల్లగా అంది.

"ఇది నోట్లె ఉన్నంతసేపు ఎవలు మాట్లాడుమనరు."

నా గుండె ఎంత జోరుగా కొట్టుకుందంటే, అప్పుడు ఎవరైనా నా నాడి చూస్తే జ్వరమే అనేవారు. మూడు నెలల తర్వాత మొదటి మాట! "అత్తమ్మకు చెప్పనా?" అన్నాను. వద్దని తల ఊపింది. సరే అన్నాను.

రాజవ్వ రాగానే థర్మామీటరు ఆమెకు అప్పగించి ఇలా చెప్పాను. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. నువ్వు పక్కనే కూర్చోవాలి. కొరకకుండా చూడాలి. అంతసేపు నువ్వు కూడా మాట్లాడొద్దు. తర్వాత చన్నీళ్ళతో కడిగి డబ్బీలో పెట్టు.

"గింతేనా మందు?" అంది అనుమానంగా. "మల్ల అస్తవా?"

"శనివారం మధ్యాహ్నం జగిత్యాల బస్సుకు వస్తాను."

కిందికి దాదాపు పరుగెత్తుతూ దిగాను. పదిన్నర బస్సు దొరికింది. జగిత్యాలలో చాయ్, కోరుట్ల, మెట్పల్లి మీదుగా రెండున్నరకు ఆర్మూరు. అక్కడ బస్సు మారి, గోదావరి వంతెన దాటి అయిదింటికి నిర్మల్ చేరాను. అవ్వ ఎరిగిన ఒక మేస్త్రీ ఇంట్లో పడుకొని, శుక్రవారం ఆరింటి బస్సెక్కాను. కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు టేకు ఆకుల మీద మంచు కారుతోంది. పక్కన కూర్చున్న మరాఠీ పత్తి వ్యాపారి నన్ను పరికించి చూశాడు.

"నర్సువా తాయీ? మంచిగయింది. మా దవఖానల గోలీలు దొరుకుతయ్, మనిషి దొరకడు."

తొమ్మిదిన్నరకు ఆదిలాబాదు. డాక్టరు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవారు, నలభై ఏళ్ళుంటాయి. కొత్తగా బిగించిన ఆపరేషన్ దీపాన్ని మూడుసార్లు వెలిగించి ఆర్పి చూపించారు. పనిముట్లు అద్దాల్లా ఉన్నాయి. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఆ గది చూసి నాకు ఆశ పుట్టింది. వార్డులో ఒకరికి జ్వరం చూడమన్నప్పుడు నా దగ్గర థర్మామీటరు లేదని చెప్పాల్సి వచ్చింది.

"తుపాకీ లేని పోలీసన్న మాట!" అని పెద్దగా నవ్వారు.

అంతలో ఎద్దు పొడిచిన రైతును మంచం మీద మోసుకొచ్చారు. తొడ చీలిపోయింది. "చేతులు కడుక్కో" అన్నారు డాక్టరు గారు. గంట సేపు ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపకముందే కావలసింది అందించగలిగాను. చచ్చిపోవలసిన మనిషి మా కళ్ళ ముందే బతుకుతున్నాడు. అంత ఉత్సాహం నాకు ఎన్నడూ కలగలేదు.

ఆ రైతు మాత్రం మొదటి నుంచీ ఒకటే అడుగుతున్నాడు. "నా ఎద్దును కొట్టిన్రా? కొట్టొద్దని జెప్పున్రి." అందరి కళ్ళూ గాయం మీదే ఉన్నాయి. కుట్లు పూర్తికాగానే నేను బయటికి వెళ్ళి అతని తమ్ముడిని అడిగి వచ్చాను. "కొట్టలేదట. కట్టేశారు. గడ్డి తింటున్నదట" అని చెవిలో చెప్పాను. వణుకుతున్న కాలు ఆగింది.

"మత్తు ఇప్పుడు పట్టినట్టుంది" అన్నారు డాక్టరు గారు.

భోజనానికి వాళ్ళింటికే తీసుకువెళ్ళారు. రెండో ఉత్తరం సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇక్కడ కోస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. కుడితే మానుతుంది. అక్కడ నీకేం కనిపిస్తుందమ్మా? ఎవరు మానారో, ఎవరు మానలేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. నిజమైన ప్రశ్న. రేపు కబురు చేస్తానని చెప్పి మూడు గంటల బస్సెక్కాను.

ఘాటు దిగుతుంటే ఒకటి గమనించాను. ఆ దీపం గురించీ, కుట్ల గురించీ అవ్వకు ఎలా చెప్పాలా అని ఆలోచించబోతే, ప్రతిసారీ ఎద్దు సంగతే ముందుకొస్తోంది. దాని వెనకే అన్న. అన్న జబ్బు ఒంట్లోనే ఉంది. ఆ మాట తనే నాలుగు రోజులు చెప్పాడు కూడా. ఇన్నాళ్ళూ నేను నా మీద వేసుకున్న తప్పు థర్మామీటరు పెట్టకపోవడం. అంతకన్నా ముందు జరిగిన తప్పు, ఆ మాట పూర్తయ్యేదాకా పక్కన కూర్చోకపోవడం.

శనివారం నిర్మల్‌లో ఆరింటికి బయలుదేరి, పన్నెండుకు జగిత్యాల చేరాను. బస్సు అరగంట ఆగుతుంది. పోస్టాఫీసుకు పరుగెత్తాను. ఫారం మీద చిరునామా చదివి గుమాస్తా కళ్ళద్దాలు పైకి జరిపాడు.

"పిచ్చి దవఖానకా? అయ్యో. ఎవల్ని షరీక్ చేసి ఆడ ఉంచుతున్రమ్మా?"

"నన్నే" అన్నాను.

ఆయన వెనక్కి జరిగాడు. తర్వాత, 'శిక్షణకు వస్తున్నాను' అన్న మాటలు చదివి, తనలో తను నవ్వుకుంటూ ముద్ర వేశాడు. ఆదిలాబాదు డాక్టరు గారికి క్షమించమంటూ అక్కడే కార్డు రాశాను.

ఒకటిన్నరకు కొండగట్టు. నేను కొండెక్కనక్కర లేకపోయింది. రాజవ్వ కిందే, బస్సాగే చోట నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు ముడి విప్పింది. అందులో డబ్బీ, గాజు ముక్కలు.

"నన్ను తిట్టు బిడ్డా. మీ దవఖానల అన్ని మసలవెడతరు గద అని, నిన్న పొద్దుగాల దీన్ని సుత మసలే నీళ్లల్ల ఏసిన. టప్పుమని పలిగె. లోపలున్న ఎండి బొట్లు బొట్లుగ ఉరికె."

"ముట్టుకోలేదు కదా?"

"నన్ను ముట్టనిత్తెనా! 'సల్లనీళ్లని జెప్పలేదా అత్తా, నీకు బుద్ధున్నదా' అని మీదికచ్చింది! గంతమంది ముందట తిట్టింది బిడ్డా, నా కోడలు నన్ను తిట్టింది!"

ఆ మాట అంటూ రాజవ్వ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తిట్టు వచ్చినచోట గొంతు పెంచింది. లచ్చవ్వ వెనక రాయి మీద కూర్చుని ఉంది. రాత్రి నుంచి మళ్ళీ మాట లేదట. నన్ను చూసి అడిగింది.

"ఇంకోటి ఉన్నదా?"

"లేదు" అన్నాను. "ఉత్తగనే కూసుందాం."

నాలుగున్నర బస్సు వచ్చేదాకా ముగ్గురం ఆ రాయి మీద కూర్చున్నాం. రొట్టెలు అయిపోయాయి, రాజవ్వ పుట్నాలు పెట్టింది. ఒకసారి లచ్చవ్వ పిల్ల పేరు చెప్పింది. ఒకసారి, పిల్లకు పాల వాసన వస్తే నవ్వేదని చెప్పింది. మిగతా సేపు ముగ్గురం పుట్నాలు నమిలాం. డాక్టరు గారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆమె మానిందో లేదో నాకు తెలియదు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు బస్సుల వేళలు పైన రాశాను. కొండ మీద వసారాలో ఎవరైనా తల వంచుకుని కూర్చుని కనిపిస్తే మాట్లాడమని అడగకండి. చోటుంటే పక్కన కూర్చోండి.

తిరుగు బస్సులో అదే కండక్టరు. "ఈసారి టికెట్ ఉన్నకాడనే దిగుతవా సిస్టరమ్మా?" అన్నాడు. దిగుతానన్నాను. గంగాధర దగ్గర పొద్దు వాలింది. ఖాళీ డబ్బీ ఒళ్ళో పెట్టుకొని, గడపలోనే అవ్వ అడగబోయే మాటకు జవాబు సరిచూసుకున్నాను. ఒక్కడు సాలలేదా అంటుంది. సాలలేదవ్వా అంటాను. ఆ ఒక్కడి దగ్గర నేను కూర్చోనే లేదు.