క్యూల ఒంటి చెప్పు

పొద్దుగాల పేపర్ల ఫొటో పడ్డది. యూరియా గోదాం ముంగట బారుగ చెప్పుల జతలు, మీద పెద్దక్షరాలతోని "యూరియా కోసం రైతుల క్యూ" అని. నల్గొండల పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంట బతికేదాన్ని, మాట కనబడితే డిక్షనరీ తీయకుంట ఊకుంటనా?

క్యూ ఫ్రెంచోళ్ల మాట. అర్థం తోక. లాటిన్ల కౌడా అన్నదే అరిగి అరిగి గట్లయింది. ఫ్రెంచిల ఆవు తోకా అదే, పండు తొడిమా అదే, గిన్నె కాడా అదే. ఎనుకకు అల్లిన జడను గూడ గట్లనే అన్నరట. ఇంగ్లీషోళ్లు దాన్ని తెచ్చి మనుషుల వరుసకు పెట్టుకున్నరు. ఉర్దూల వరుసను కతార్ అంటరు, అరబ్బీల అది ఒకదానెనుక ఒకటి కట్టిన ఒంటెల బారు. వాళ్లకు తోకలు, వీళ్లకు ఒంటెలు. మావోళ్లకు మాత్రం లైనంటే చెప్పులే. ఎండల నిలబడలేక చెప్పులిడిసి చెట్టు నీడకు పోతరు. చెప్పులున్న జాగ మనిషిదే, ఎవరూ ముట్టరు. గిదంత సదువుకుంట ఫొటో దిక్కు మళ్ల చూసిన. వరుసకు అవుతల, బురదల, ఒక్కటే చెప్పు పడున్నది.

అది మా బాపుది.

షుగరు పుండు ముదిరితే ఏండ్ల కింద దవాఖానల బాపు కుడిపాదం తీసేసిండ్రు. చంకల కర్ర, ఎడమకాలుకు చెప్పు, గంతే. నాటేసిన వరి ఎర్రబారుతాంది. బస్త యూరియా దొరక్కపోతే ఈ యేడు పంట మీద ఆశ ఇడుసుకునుడే. నిన్న తెల్లారంగ నేనే బండి మీద దించి కాలేజీకి పోయిన. రాత్రి అడిగితే "అయిపోయినయి బిడ్డా" అన్నడు, ముఖం అటు తిప్పుకున్నడు.

ఫొటో ముంగట పెట్టి అడిగిన. అప్పుడు చెప్పిండు. బాపు చెప్పు పెట్టి యాపచెట్టు కింద కూసున్నడట. ఎనుకున్నోడు మా ఊరోడే, బాపును కాకా అని పిలిచేటోడే. "కాకా, జతకైతే జాగ గానీ ఒంటి దానికి జాగేంది?" అని కాలుతోని తన్నిండట. అందరు ఇకిలిచ్చిండ్రట. వీళ్ల మొఖాల మీద మన్నుపొయ్య! ఒక్కడంటే ఒక్కడు గిదేం పని అనలే. బాపు లైను చివరకు పోయి మళ్ల పెట్టుకున్నడు. ఆయన వంతు రాకముందే బస్తలు ఒడిసినయి.

మళ్ల లారీ వచ్చిందని తెల్వంగనే సెలవు పెట్టిన. "నేను నిలబడుత బాపూ" అంటే ఇనలే. "నువ్వు నిలబడితే నీ జాగయితది, నాది గాదు" అన్నడు. మంచం కిందికెళ్లి సంచి గుంజిండు. ఇప్పి చూసిన. అన్నీ కుడికాలు చెప్పులు, ఒక్కటీ తొడగనియి. దుకాణపోడు ఒంటి చెప్పు అమ్మడు గదా, జత కొన్నప్పుడల్ల ఒకటి మిగిలేది. ఇన్నేండ్లు నాకు తెల్వనే తెల్వదు. అండ్ల కొత్తదాన్ని తీసుకొని, గోదాం కాడ ఎడమ చెప్పుతోని జత కలిపి లైన్ల పెట్టిండు.

ఆ ఎనుకోడు మళ్ల ఎనుకనే తగిలిండు. చూసి నవ్విండు. "గిప్పుడు మంచిగుంది కాకా" అన్నడు. వరుస జరిగినప్పుడల్ల బాపు చెప్పులను గూడ కాలుతోని ముంగటికి నూకిండు, ఎంత మర్యాద! వాని చెంప పగులగొట్టాలనిపించింది. బాపు నా చెయ్యి ఇడవలే.

పొద్దుమూకంగ బస్త దొరికింది. బాపు బస్త పట్టుకొని బండి ఎనుక కూసున్నడు. ఊరు దగ్గరికొచ్చినంక అన్నడు:

"లేని కాలుకు ఇచ్చిన జాగ నాకియ్యకపాయిరి బిడ్డా."