రెండు మందుల గది

నాచారంలో ముప్పయ్యేళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడిన బాలనర్సింహ, ఉప్పల్‌లో ఓ దవాఖానా చివరి గదిలో ఇరవై రోజులుగా ఒక్కడే ఉన్నాడు. ఇనుము గీరుకున్న కాలి పుండులో మామూలు మందులకు లొంగని క్రిములు చేరాయి. అవి ఇంకొకరికి అంటకూడదని లోపలికొచ్చే ప్రతివాళ్లూ గ్లౌజులు తొడుక్కునే వస్తారు. తోటి పనివాళ్లు ఒక్కసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లారు. అతను పొద్దున్నే తల దువ్వుకుని, మంచం ఇనుప పట్టీ నునుపును బొటనవేలితో చూసుకుంటూ తలుపు వైపు తిరిగి కూర్చుంటాడు. పక్కన స్టాండుకు రెండు సీసాలు వేలాడుతుంటాయి.

"రెండెందుకు బిడ్డా?" అని మొదటిరోజే నర్సు మానసను అడిగాడు.

"ఒక్క మందుకు సస్తలేవు కాకా. రెండు కలిస్తెనే సస్తయి."

"నయమే. ఆ మందులకైన తోడున్నది."

నిన్న రిపోర్టు వచ్చింది. "క్రిములు పోయినయి కాకా, ఇగ గ్లౌజులతోని పనిలేదు" అంటూ మానస ఉత్త చేత్తో అతని మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. కాగితం మీద రాసుకుని వెళ్లబోయింది. బాలనర్సింహ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"జర మళ్ల సూడు బిడ్డా. సరిగ్గ లెక్కవెట్టినవో, లేదో."